రాళ్లకని గాల్‌బ్లాడర్ తీయించాక బయాప్సీలో క్యాన్సర్, పీటీ1బి అని వచ్చింది. మళ్లీ ఆపరేషన్ చేయించాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 58 ఏళ్లు, వేరే జబ్బులేవీ లేవు. రాళ్లున్నాయని లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీయించారు. పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది: అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్), పీటీ1బి (గోడలో ఎంత లోతుకు దిగిందో చెప్పే దశ, కింద టీ1బి అంటాను), సిస్టిక్ డక్ట్ మార్జిన్ ఫ్రీ (గాల్‌బ్లాడర్‌ను పిత్తనాళానికి కలిపే గొట్టం కోసిన అంచులో క్యాన్సర్ లేదు). ఆపరేషన్ చేసిన సర్జన్ "మొత్తం వచ్చేసింది, ఇంకేం అక్కర్లేదు" అంటున్నారు. రెండో సర్జన్ లివర్‌లో చిన్న భాగం, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు కూడా తీయాలంటున్నారు. ఎవరి మాట వినాలి, ఆ తర్వాత అమ్మగారి పరిస్థితి ఎలా ఉంటుంది అని.

సూటిగా చెప్పాలంటే: టీ1బి అన్నది ఖాయమై, ఆమె ఇంకో పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోగలిగితే, రెండో ఆపరేషన్ చేయించడమే మంచిది. అయితే డేటు తీసుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ స్లైడ్లను, బ్లాకులను (మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్కలు) లివర్, పిత్తాశయ క్యాన్సర్లు తరచూ చూసే పాథాలజిస్టుకు మళ్లీ చూపించండి. ఈ జబ్బులో చికిత్సంతా క్యాన్సర్ ఎంత లోతుకు దిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఆ లోతు కొలవడంలో తేడా వస్తే మిగతా నిర్ణయాలన్నీ తప్పుతాయి.

లోతు అంటే ఏమిటో చూద్దాం. మామూలు గాల్‌బ్లాడర్ గోడ మందం 3 మిల్లీమీటర్లకు మించదు. ఆ కాస్త మందంలోనే పొరలున్నాయి. లోపలి పొర, దాని కింద సన్నటి సంధాయక కణజాలం, తర్వాత పల్చటి కండర పొర, దాని వెలుపల రక్తనాళాలూ లింఫ్ నాళాలూ దండిగా ఉండే వదులైన పొర, అన్నిటికన్నా బయట సిరోసా అనే సన్నటి పైపొర. లివర్‌కు అతుక్కుని ఉండే వైపు ఆ సిరోసా కూడా లేదు, వదులు పొర దాటితే లివరే. క్యాన్సర్ కండరం దాకా రాకుండా ఆగితే టీ1ఏ. కండరంలోకి వస్తే టీ1బి. కండరం దాటి వదులు పొరలోకి వెళితే టీ2. అందులో పొట్ట లోపలి ఖాళీ వైపైతే టీ2ఏ, లివర్ వైపైతే టీ2బి. పేగులకు ఉన్నట్టు గాల్‌బ్లాడర్‌కు సబ్‌మ్యూకోసా (కండరానికి ముందు అడ్డుగా ఉండే పొర) లేదు, కండర పొర కూడా అక్కడక్కడా తెగి ఉంటుంది. కాబట్టి టీ1బికీ టీ2కీ మధ్య ఉన్న దూరం మిల్లీమీటరులో చిన్న వంతు.

ఇప్పుడు మొదటి ఆపరేషన్‌లో ఏం జరిగిందో గమనించండి. రాళ్లకని తీసేటప్పుడు సర్జన్ గాల్‌బ్లాడర్‌ను లివర్ మీద నుంచి నారింజ తొన మీది పొర ఒలిచినట్టు ఒలుస్తారు. ఆ ఒలిచే దారి సరిగ్గా ఆ వదులు పొరలోంచే పోతుంది. దానిలో కొంత గాల్‌బ్లాడర్‌తో వస్తుంది, కొంత లివర్ మీదే ఉండిపోతుంది. రాళ్ల జబ్బుకు అదే సరైన పద్ధతి, ఎవరి పొరపాటూ కాదు. కానీ క్యాన్సర్ ఆ పొర దాకా వచ్చి ఉంటే, దాని మధ్యలోంచే కోసినట్టు అవుతుంది. "మొత్తం వచ్చేసింది" అన్న మాట టీ1ఏకి నిజం. టీ2కి కాదు. టీ1బి ఈ రెంటి నడుమ ఉంది, అందుకే ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెబుతున్నారు.

టీ1ఏ అయితే మామూలుగా గాల్‌బ్లాడర్ తీయడంతోనే చికిత్స పూర్తయినట్టు. సిస్టిక్ డక్ట్ మార్జిన్‌లో క్యాన్సర్ ఉండకూడదు, గాల్‌బ్లాడర్ చిరగకుండా బయటికి వచ్చి ఉండాలి. లింఫ్ గ్రంథులకు పాకడం దాదాపు 2 శాతం మందిలోనే కనిపిస్తుంది. అయిదేళ్లు దాటి బతికేవాళ్లు 95 శాతం పైనే.

టీ1బిలో గ్రంథులకు పాకే అవకాశం 10 శాతం పైన, కొన్ని అధ్యయనాల్లో 20 దాకా. గ్రంథులు తీయకపోతే ఆ 10 మందిలో ఒకరు ఎవరో తెలిసే దారి లేదు. చిన్న గ్రంథిలో ఉన్న సూక్ష్మమైన క్యాన్సర్ స్కాన్‌కు దొరకదు. అందుకే చాలా దేశాల మార్గదర్శకాలు టీ1బికి విస్తృత ఆపరేషన్ (లివర్‌లో చిన్న భాగం, గ్రంథులు కూడా తీసేది) సిఫార్సు చేస్తాయి. ఇక మొదటి సర్జన్ మాట వెనక కూడా ఆధారం లేకపోలేదు. కొరియా, జపాన్, చిలీ, అమెరికా కేంద్రాలు కలిసి 2018లో ప్రచురించిన విశ్లేషణలో, టీ1బి రోగుల్లో మామూలు ఆపరేషన్‌కూ విస్తృత ఆపరేషన్‌కూ అయిదేళ్ల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు వైపులా 90 శాతం పైనే. కానీ అలాంటి కేంద్రాల్లో గాల్‌బ్లాడర్‌ను చాలా ముక్కలుగా కోసి, వివరంగా పరీక్షించాకే టీ1బి అంటారు. రాళ్ల కేసుగా వచ్చిన గాల్‌బ్లాడర్‌ను మామూలు ల్యాబులో రెండు మూడు చోట్ల కోసి చూసి ఇచ్చిన టీ1బికి అంత విలువ ఇవ్వలేం. చూడని ముక్కలో టీ2 ఉండొచ్చు. నా తూకం రెండో సర్జన్ వైపు మొగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే.

టీ2 అయితే చర్చే లేదు. గ్రంథులకు పాకడం 30 నుంచి 50 శాతం మందిలో ఉంటుంది. మళ్లీ ఆపరేషన్ చేసినప్పుడు సగానికి అటూ ఇటుగా మందిలో లివర్ పడకలోనో (గాల్‌బ్లాడర్ ఆనుకుని ఉన్న చోటు), గ్రంథుల్లోనో, సిస్టిక్ డక్ట్ కోశాక మిగిలిన మొదట్లోనో మిగిలిన క్యాన్సర్ దొరుకుతుంది. విస్తృత ఆపరేషన్ తర్వాత అయిదేళ్లు గడిచేవాళ్లు 60 నుంచి 80 శాతం ఉంటే, గాల్‌బ్లాడర్ మాత్రమే తీసి వదిలేసిన వాళ్లలో అది 20 నుంచి 40 మధ్య ఉంటుంది.

స్లైడ్ రివ్యూలో ఏం అడగాలో చెబుతాను. ముందుగా ఇవాళే ల్యాబుకు ఫోన్ చేసి, ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) మిగిలిన గాల్‌బ్లాడర్ ముక్కను పారేయొద్దని చెప్పండి. రిపోర్టు ఇచ్చిన కొన్ని వారాలకు ల్యాబులు మిగిలిన కణజాలాన్ని పారేస్తాయి. ఆ తర్వాత కొత్త ముక్కలు తీసి చూడడం కుదరదు. టీ1బిని నమ్మాలంటే గాల్‌బ్లాడర్ మొత్తాన్నీ బ్లాకులుగా చేసి చూడడమే ఉత్తమం.

తర్వాత రొకిటాన్‌స్కీ-ఆషాఫ్ సైనస్‌ల సంగతి. దీర్ఘకాలం రాళ్లున్న గాల్‌బ్లాడర్‌లో లోపలి పొర కండరంలోకి, ఒక్కోసారి దాని అవతలికి కూడా సంచుల్లా దిగుతుంది. ఇంకా చొచ్చుకుపోని తొలి దశ క్యాన్సర్ ఆ సంచుల గోడ వెంట పాకితే, చూడడానికి కండరంలోకి చొచ్చుకెళ్లినట్టే ఉంటుంది. నిజానికది లోపలి పొర జబ్బే. ఇది తేలితే మీ అమ్మగారి దశ తగ్గి, రెండో ఆపరేషన్ అవసరమే లేకుండా పోవచ్చు. దీనికి తిరగబడిన పరిస్థితి కూడా చూస్తుంటాం, టీ1బి అన్నది రివ్యూలో టీ2 అవుతుంది.

వీటితో పాటు రిపోర్టులో ఉండాల్సినవి: కణితి ఫండస్‌లో (గాల్‌బ్లాడర్ గుండ్రటి కొసలో) ఉందా, బాడీలోనా, మెడ దగ్గరా. లివర్ వైపా, పొట్ట వైపా. గ్రేడ్ (కణాలు ఎంత ఉద్ధృతంగా కనిపిస్తున్నాయన్నది) ఎంత. లింఫ్ నాళాల్లోకి, నరాల చుట్టూ చొచ్చుకుందా. సిస్టిక్ డక్ట్ దగ్గరి గ్రంథి స్పెసిమెన్‌తో (ఆపరేషన్‌లో తీసిన కణజాలంతో) వచ్చిందా, వస్తే అందులో క్యాన్సర్ ఉందా. "మార్జిన్ ఫ్రీ" అన్నది క్యాన్సర్ గురించి మాత్రమేనా, హైగ్రేడ్ డిస్ప్లాసియా (క్యాన్సర్‌కు ముందు మెట్టులో ఉన్న కణాలు) కూడా లేదనా. ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు, కానీ డక్ట్ చివర హైగ్రేడ్ డిస్ప్లాసియా ఉంటే అక్కడ ఇంకాస్త కోయాల్సి ఉంటుంది.

మొదటి ఆపరేషన్ నోట్సు కాపీ కూడా తీసుకోండి, డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. అందులో మూడు విషయాలు చూడాలి. గాల్‌బ్లాడర్ చిరిగి పైత్యరసం పొట్టలోకి ఒలికిందా? బయటికి తీసేటప్పుడు సంచిలో పెట్టి తీశారా, నేరుగా లాగారా? మొత్తం తీశారా, అతుక్కుపోయిందని కొంత వదిలేశారా? పైత్యం ఒలికి ఉంటే క్యాన్సర్ కణాలు పొట్ట పొర మీద పడి ఉండొచ్చు, అప్పుడు టీ1ఏకి కూడా నిశ్చింతగా ఉండలేం. కొంత వదిలేసి ఉంటే ఆ టీ దశకు అర్థమే లేదు.

స్కాన్‌ల విషయం త్వరగా చెప్పేస్తాను. కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ, పొట్టకూ పొత్తికడుపుకూ ఛాతీకీ. లివర్‌లో అనుమానం ఉన్నా, పిత్తనాళం స్పష్టంగా కనిపించకపోయినా ఎంఆర్‌ఐ, ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ). రక్తంలో లివర్ ఫంక్షన్ టెస్టు, సీఏ 19-9, సీఈఏ (ఈ రెండూ క్యాన్సర్ సూచికలు). కామెర్లుంటే సీఏ 19-9 దానంతటదే పెరుగుతుంది కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి బెంబేలు పడొద్దు. పెట్ సీటీ (చురుగ్గా ఉన్న కణాలను మెరుపుగా చూపే స్కాన్) చాలామంది అడిగి మరీ చేయించుకుంటారు. మొదటి ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో గాల్‌బ్లాడర్ పడక, పోర్టు గాయాలు (లాప్రోస్కోపీ పరికరాలు పెట్టిన చిన్న కోతలు) మానుతూ ఉంటాయి కాబట్టి అక్కడ పెట్‌లో మెరుపు రావడం మామూలే. ఆ మెరుపును మిగిలిన క్యాన్సర్ అనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు, మెరుపు లేదు కదా అని ఆపరేషన్ మానుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే.

ఎప్పుడు చేయించాలి? మొదటి ఆపరేషన్ నుంచి 4 వారాలకు ముందు వద్దు, 8 వారాలు దాటనివ్వొద్దు. మరీ తొందరపడితే వాపు వల్ల ఏది మచ్చ కణజాలమో ఏది క్యాన్సరో చేతికి తెలియదు. మరీ ఆలస్యమైతే జబ్బు ముందుకెళుతుంది. అమెరికాలోని పలు కేంద్రాల రోగుల సమాచారాన్ని కలిపి 2017లో చేసిన విశ్లేషణలో 4 నుంచి 8 వారాల మధ్య చేసినవాళ్లకే ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. మీకు రిపోర్టు పది రోజులకే వచ్చింది. స్లైడ్ రివ్యూకూ స్కాన్‌కూ రెండు వారాలు పోయినా మీరు సమయంలోనే ఉన్నట్టు. "రేపే అడ్మిట్ అవ్వండి" అంటే కారణం అడగండి.

ఇక ఆ ఆపరేషన్ ఎలా జరుగుతుందంటే, మొదట కెమెరా పెట్టి పొట్ట పొర మీద, లివర్ మీద క్యాన్సర్ గింజలేమైనా ఉన్నాయేమో చూస్తారు. టీ1బిలో దొరకడం అరుదు, కానీ దొరికితే పెద్ద కోత తప్పుతుంది. తర్వాత డ్యుయోడినమ్‌ను (చిన్నపేగు మొదటి భాగం) పక్కకు తిప్పి, బృహద్ధమనికీ పెద్ద సిరకూ మధ్య ఉన్న గ్రంథులు చూస్తారు. అనుమానం ఉంటే ఒకటి తీసి ఫ్రోజెన్ సెక్షన్‌కు (ఆపరేషన్ సాగుతుండగానే చేసే బయాప్సీ) పంపుతారు. అక్కడ క్యాన్సర్ ఉంటే అది దూరానికి పాకినట్టే లెక్క, అక్కడితో ఆపేసి కీమో వైపు వెళ్లడమే సరి. అక్కడ ఏమీ లేకపోతే సిస్టిక్ డక్ట్ మొదలును మళ్లీ కోసి, దాన్నీ ఫ్రోజెన్‌కు పంపుతారు. ఆ మొదట్లో క్యాన్సర్ ఉంటేనే ప్రధాన పిత్తనాళాన్ని తీసి పేగును లివర్ నాళానికి కలుపుతారు. మార్జిన్ శుభ్రంగా ఉంటే పిత్తనాళాన్ని ముట్టుకోనక్కర్లేదు. తీయడం వల్ల ఆయుష్షు పెరగదు, లీకేజీలు, తర్వాత ఇన్ఫెక్షన్లు మాత్రం పెరుగుతాయి.

గ్రంథుల విషయానికొస్తే పిత్తనాళం, కాలేయ ధమని, పోర్టల్ సిర చుట్టూ ఉన్నవీ, కామన్ హెపాటిక్ ధమని వెంట ఉన్నవీ, క్లోమం తల వెనక ఉన్నవీ ఒకే తునకగా తీస్తారు. దశ నమ్మకంగా తేలాలంటే కనీసం 6 గ్రంథులు పాథాలజిస్టుకు అందాలి. రెండో మూడో వచ్చాయంటే "గ్రంథుల్లో లేదు" అన్న మాటకు బలం ఉండదు. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఇది: మీ ఆపరేషన్లలో మామూలుగా ఎన్ని గ్రంథులు వస్తాయి?

లివర్‌లో గాల్‌బ్లాడర్ ఆనుకుని ఉన్న పడకను 2 నుంచి 3 సెంటీమీటర్ల మందాన తీస్తారు, లేదా 4బి, 5 సెగ్మెంట్లను (గాల్‌బ్లాడర్‌ను ఆనుకుని ఉండే లివర్ భాగాలు) శరీర నిర్మాణం ప్రకారం తీస్తారు. టీ1బి, టీ2లలో రెండూ సమానమే అనిపించే సమాచారమే ఎక్కువ. మార్జిన్ శుభ్రంగా రావడం ముఖ్యం. కుడి లివర్ మొత్తం తీస్తామంటే ఎందుకని గట్టిగా అడగండి, ఈ దశకు అది అక్కర్లేదు. లివర్ చెడిపోయి లేకపోతే, తీసిన ఆ కాస్త భాగం వల్ల లోటేమీ తెలియదు. పాత పోర్టు గాయాలను కోసి తీసే అలవాటు ఒకప్పుడు ఉండేది. దానివల్ల ఆయుష్షు పెరగలేదని తేలాక మామూలుగా చేయడం లేదు, హెర్నియా మాత్రం మిగులుతుంది.

లాప్రోస్కోపీయా, ఓపెనా? చేయి తిరిగిన చోట రెండింటికీ ఫలితాలు దగ్గరగానే ఉన్నాయి. చేసే మనిషికి అనుభవం ఉన్న పద్ధతే మంచిది. పెద్ద కోత ఉందని వెనకాడొద్దు.

సమస్యల్లో తరచుగా వచ్చేది లివర్ కోసిన చోటు నుంచి పైత్యం కారడం. డ్రెయిన్‌లో (పొట్టలోని ద్రవం బయటికి రావడానికి పెట్టే గొట్టం) పచ్చగా వస్తుంది, ఎక్కువ కేసుల్లో కొన్ని రోజులకు దానంతట అదే ఆగుతుంది, ఆగకపోతే ఎండోస్కోపీతో స్టెంట్ వేస్తారు. రక్తస్రావం, పొట్టలో చీము కట్టడం, ఛాతీ ఇన్ఫెక్షన్ కూడా ఉంటాయి. పిత్తనాళం చుట్టూ మరీ ఒలిచేస్తే దానికి రక్తం అందక కొన్ని నెలల తర్వాత ఇరుకు పడుతుంది. గ్రంథులు తీయడంలో అనుభవం కావాలనేది ఇందుకే.

ఆపరేషన్ వద్దనుకోవడం సబబైన సందర్భాలూ ఉన్నాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, సిర్రోసిస్ ఉన్నవాళ్లు, మంచం దిగి నడవలేని వృద్ధులు. వీళ్లకు 10 శాతం ముప్పు తప్పించబోయి ఆపరేషన్ ముప్పు నెత్తిన పెట్టుకోవడం తెలివైన పని కాదు. గాల్‌బ్లాడర్ మొత్తం పరీక్షించి, టీ1బి ఖాయమై, గ్రేడ్ తక్కువగా ఉండి, లింఫ్ నాళాల్లోకి చొచ్చుకోకపోతే అలాంటివాళ్లను స్కాన్‌లతో గమనిస్తూ ఉండొచ్చు. మీ అమ్మగారి వయసుకు, వేరే జబ్బులేవీ లేవని మీరు రాసినదాన్ని బట్టి, ఆమె ఈ కోవలోకి రారు.

రెండో ఆపరేషన్ స్పెసిమెన్‌లో ఎక్కడా క్యాన్సర్ లేదని వస్తే "అనవసరంగా కోయించామా" అని ఇంట్లో మాట వస్తుంది. టీ1బిలో ఎక్కువమందికి అలాగే వస్తుంది. ఆ రిపోర్టుతోనే మిగిలిన జబ్బు లేదన్నది ఖాయమవుతుంది, చాలామందికి కీమో కూడా తప్పుతుంది. ఇకముందు ఎలా ఉంటుందన్న అంచనాలో మిగిలిన జబ్బు దొరికిందా లేదా అన్నదానికి చాలా బరువుంది.

కీమో సంగతి. టీ1బి, గ్రంథులు శుభ్రం, మార్జిన్ శుభ్రం అయితే ఊరికే గమనించడం సమ్మతమైన పద్ధతే. టీ2 గానీ, గ్రంథుల్లో క్యాన్సర్ గానీ ఉంటే కాపెసిటబిన్ మాత్రలు ఆరు నెలలు ఇస్తారు. ఆధారం బిల్‌క్యాప్ అనే బ్రిటన్ అధ్యయనం, 2019లో ప్రచురితమైంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 1250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 14 రోజులు వాడి 7 రోజులు ఆపడం, అలా 8 విడతలు. మాత్రలు వాడినవాళ్లలో సగం మంది 51 నెలలు దాటారు, వాడనివాళ్లలో సగం మంది 36 నెలలు దాటారు. నిక్కచ్చి గణాంక పరీక్షలో ఆ తేడా అంచుల్లో ఆగిపోయింది, అంటే ఖాయమని చెప్పలేం. పైగా అందులో అన్ని రకాల పిత్తనాళ క్యాన్సర్లూ ఉన్నాయి, గాల్‌బ్లాడర్ వాళ్లు అయిదో వంతు కూడా లేరు. దీని కన్నా మెరుగైనది చేతిలో లేదు కాబట్టే ఇస్తున్నారు. మాత్రలు తిన్న అరగంటలోపు వేసుకోవాలి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండడం, విరేచనాలు మొదలైతే ఓర్చుకోకుండా వెంటనే డోసు ఆపి డాక్టరుకు చెప్పాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు), ఫెనిటోయిన్ (మూర్ఛ మందు) వాడుతుంటే ముందే చెప్పాలి, కాపెసిటబిన్‌తో వాటి ప్రభావం రక్తంలో పెరుగుతుంది. డీపీడీ (ఈ మందును శరీరంలో విరిచే ఎంజైము) లోపం పరీక్ష దొరికే చోట మొదటి మాత్రకు ముందే చేయించడం మంచిది. ఆ లోపం ఉన్నవాళ్లకు మామూలు డోసే ప్రాణాంతకం కావచ్చు.

ఎంతకాలం అన్న ప్రశ్నకు: టీ1బి నిజమై, గ్రంథులు శుభ్రంగా వస్తే, మంచి కేంద్రాల అధ్యయనాల్లో అయిదేళ్లు దాటేవాళ్లు 10 మందిలో 9 మంది వరకూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో కనిపించే భయంకరమైన అంకెలు అన్ని దశలూ కలిపినవి. ఈ జబ్బు ఎక్కువగా కామెర్లు వచ్చాకే బయటపడుతుంది కాబట్టి ఆ సగటు అంత తక్కువ. రివ్యూలో టీ2 అని తేలితే అది ఏ వైపన్నది చూడాలి. 2015లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ విశ్లేషణలో పొట్ట వైపు టీ2 ఉన్నవాళ్లలో అయిదేళ్లు దాటినవాళ్లు దాదాపు 65 శాతం, లివర్ వైపు వాళ్లలో 43 శాతం. గ్రంథుల్లో క్యాన్సర్ దొరికితే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి, మూడు గ్రంథుల వరకూ ఒక లెక్క, నాలుగూ ఆ పైన అయితే ఇంకో లెక్క.

తర్వాత మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి పరీక్ష, సీటీ. ఆపైన అయిదేళ్ల వరకూ 6 నుంచి 12 నెలలకోసారి. తిరగబెట్టేది ఉంటే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. ఈలోగా కళ్లు పచ్చబడినా, పోర్టు మచ్చ దగ్గర గట్టి గడ్డ తగిలినా, పొట్ట ఉబ్బి నీరు చేరినట్టు అనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

రివ్యూ రిపోర్టు వచ్చాక టీ దశ, ఎన్ని బ్లాకులు చూశారు, మార్జిన్, లింఫ్ నాళాల లైన్లు ఇక్కడ పెట్టండి. అమ్మగారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించకుండా చూసుకోండి. మొదటి ఆపరేషన్ తేదీ కూడా రాస్తే వారాల లెక్క చెప్పగలను.